బిడ్డ పడుకున్నా తల్లికి పట్టని నిద్ర

(తల్లిపాల వారోత్సవాల సందర్భంగా మహబూబ్‌నగర్ జిల్లాలో జరిగిన మహిళా సంఘాల సమావేశంలో ఒక స్టాఫ్ నర్సు మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. తమ్ముడూ, మైకు కొంచెం కిందికి దించు, నేను అంత పొడుగు లేను. ఆ, చాలు.

నన్ను తల్లిపాల గురించి మాట్లాడమని పిలిచారు. పాల సంగతి డాక్టరమ్మ ఇప్పుడే చెప్పారు, నాకంటే బాగా చెప్పారు. మళ్లీ అదే చెబితే మీకు నిద్రొస్తుంది. అందుకే నేను నిద్ర గురించే మాట్లాడతాను. బిడ్డ నిద్ర కాదు, తల్లి నిద్ర.

బుధవారం, శనివారం టీకాల రోజులు కదా. ఆరు వారాల టీకాకు వచ్చిన ప్రతి తల్లినీ నేను ఒక మాట అడుగుతాను: "రాత్రి నిద్ర పడుతోందా అమ్మా?" అని. చాలామంది నవ్వుతారు. "మీ మనవడు పండుకోనిస్తే కదా సిస్టర్" అంటారు. ఆ జవాబుకు నాకు భయం లేదు. కొందరు మాత్రం నవ్వరు. తల వంచుకుని, బిడ్డ టోపీ సర్దుతూ, "బిడ్డ మంచిగనే పండుకుంటది సిస్టర్, నాకే పడ్తలేదు" అంటారు. అట్లా అన్న తల్లిని నేను పంపించను, పక్కన కుర్చీ వేసి కూర్చోబెడతాను.

బిడ్డ లేపితే లేవడం వేరు. బిడ్డ పడుకున్నా కన్ను మూతపడకపోవడం వేరు. మన ఇళ్లలో ఈ రెండింటినీ కలిపేసి, "బాలింత అంటే అంతే" అనేస్తాం.

మొదటిది ఎవరి తప్పూ కాదు. పుట్టిన బిడ్డకు రాత్రీ పగలూ తెలియదు. రోజుకు 14 నుంచి 17 గంటలు పడుకుంటుంది గానీ, అంతా ముక్కలు ముక్కలుగా. తల్లిపాలు తొందరగా అరుగుతాయి కాబట్టి రెండు మూడు గంటలకు ఆకలేస్తుంది, లేస్తుంది. చీకటి పడితే మనకు నిద్ర తెప్పించే మెలటోనిన్ అనే హార్మోను ఉంటుంది. అది బిడ్డ ఒంట్లో ఒక పద్ధతిలో తయారు కావడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా రాత్రిపూట తల్లిపాలలోంచే బిడ్డకు కొంత అందుతుంది. కాబట్టి పక్కింటామె వచ్చి, "నీ పాలు చాలడం లేదు, అందుకే లేస్తోంది, డబ్బా పాలు పట్టు" అంటే ఆమెకు చాయ్ పోసి పంపించండి. (నవ్వులు) లేవడం బిడ్డ పని, అది తన పని తాను చేస్తోంది.

రెండోదాని గురించి పుస్తకంలోది చెప్పను, నాకు జరిగిందే చెబుతాను.

మా పెద్దమ్మాయి 2010 ఎండాకాలంలో పుట్టింది. నేను అప్పటికే నర్సును. ఎంతమంది బాలింతలకో "బిడ్డ పడుకున్నప్పుడు మీరూ పడుకోండమ్మా" అని చెప్పినదాన్ని. కాన్పయ్యాక నాగర్‌కర్నూల్ వైపు మా తల్లిగారింటికి పోయాను. మట్టి మిద్దె. నడి ఇంట్లో నాకు మంచం, చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద నిప్పుల కుంపటి. పాలమూరు ఎండలు మీకు తెలియనివా! "ఎండాకాలం కుంపటేందమ్మా" అంటే మా అమ్మ వినదు.

రెండో వారంలో మొదలైంది. పాప పాలు తాగి చక్కగా పడుకునేది. పక్కన అమ్మ గురక. నేను పైకప్పు దూలాలు చూస్తూ ఉండేదాన్ని. పాప ఊపిరి వినపడుతోందా? దూది తీసేసి వినేదాన్ని. వినపడకపోతే ముక్కు కింద వేలు పెట్టేదాన్ని. వెచ్చగా తగిలేది. హమ్మయ్య అని వెనక్కి వాలేదాన్ని. అయిదు నిమిషాలకు మళ్లీ లేచి వేలు పెట్టేదాన్ని. ఒక రాత్రి ఎన్నిసార్లు పెట్టానో లెక్కపెట్టి, పొద్దున బాకీల పుస్తకం వెనక అట్ట మీద రాసుకున్నాను. 31 సార్లు. ఎందుకు రాశానో నాకే తెలియదు. ఆ పుస్తకం ఇంకా మా అమ్మ దగ్గర ఉంది.

ఇంకో సంగతి ఉంది. పెరట్లో మాకు చేదబావి. పాపను ఎత్తుకుని దాని పక్కనుంచి పోతుంటే, పాప నా చేతుల్లోంచి జారి పడ్డట్టు కళ్ల ముందు కనపడేది. గుండె ఆగిపోయినట్టు అయ్యేది. ఆ తరువాత పెరట్లోకి పోవడమే మానేశాను. ఎవరికి చెప్పను? చెబితే "ఏం తల్లివే నువ్వు" అంటారు. చాలా ఏళ్లు మా ఆయనకు కూడా చెప్పలేదు. తరువాత చదువుకుంటే తెలిసింది, ఇట్లాంటి ఆలోచనలు కొత్త తల్లుల్లో చాలామందికి వస్తాయని. ఆ ఆలోచన వచ్చి వణికిపోతోందంటే తల్లి మనసు బిడ్డకు కాపలా కాస్తోందన్నమాట, కాకపోతే ఆ కాపలా హద్దు దాటింది. ఇక్కడ కూర్చున్నవాళ్లలో ఎవరికైనా అట్లా వస్తుంటే, మీరు చెడ్డ తల్లి కాదు. కానీ నాలాగా దాచుకోకండి, చెప్పండి.

నేను ఒక డాక్టరు దగ్గరికి పోయాను. పేరెందుకు. చీటీ మీద నుంచి తల ఎత్తకుండానే, "బాలింతకు నిద్రెక్కడిదమ్మా, అందరికీ ఇంతే" అని టానిక్ రాసిచ్చారు. నర్సునై ఉండి కూడా ఎదురు అడగలేకపోయాను. ఇంక మామూలు ఆడపిల్ల ఏం అడుగుతుంది?

అప్పుడు వ్యవసాయానికి కరెంటు ఇప్పటిలాగా ఇరవై నాలుగు గంటలు కాదు. అది 2018 జనవరి నుంచి వచ్చింది. అప్పుడు విడతలు, కొన్నాళ్లు పగలు, కొన్నాళ్లు రాత్రి. నాయన టార్చిలైటు, కర్ర పట్టుకుని మోటరు కాడికి పోయి రాత్రి రెండింటికి వచ్చేవాడు. ఒక రాత్రి వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ కిటికీలోంచి నన్ను చూశాడు. మంచం మీద కూర్చుని ఉన్నాను. "ఏంది బిడ్డా, నిన్న గూడ గిట్లనే కూసున్నవు?" అన్నాడు. అంతే, ఏడుపు తన్నుకొచ్చింది.

అమ్మ లేచింది. నాయన "పాపను నాకియ్యి, అది పండుకుంటది" అన్నాడు. అమ్మకు కోపం. "ఇరవై ఒక్కటి గూడ కాలే, మగోనివి బాలెంత కాడికి వస్తవా" అంది. నాయన ఏమన్నాడో తెలుసా? "బర్రె ఈనితే రాత్రంత కావలి కూసుంట. బిడ్డ బిడ్డకు కూసుంటే ఏమాయె" అన్నాడు. (నవ్వులు, చప్పట్లు)

పాలిచ్చి, పాపను ఆయన చేతిలో పెట్టాను. వాకిట్లో వేపచెట్టు కింద మంచం వేసుకుని, ఉతికిన ధోతి ఒళ్లో పరుచుకుని, పాపను పెట్టుకుని కూర్చున్నాడు. మొదటి రాత్రి నాకు నిద్ర రాలేదు. రెండో రాత్రీ రాలేదు, ఆయన దగ్గు వింటూ పడుకున్నాను. మూడో రాత్రి రెండున్నరకు పాలిచ్చినంత వరకే గుర్తుంది. లేచేసరికి తెల్లవారింది. రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి, జాకెట్టు తడిసి ముద్దయింది, వాకిట్లో పాప ఆకలికి రాగం తీస్తోంది. మూడు గంటల చిల్లర, అంతే. కానీ మధ్యలో తెగని నిద్ర.

ఈ తెగకపోవడమే ముఖ్యం. నిద్ర పట్టిన మొదటి గంటల్లోనే గాఢనిద్ర ఎక్కువ ఉంటుంది. గంటకోసారి లేపితే ఎనిమిది గంటలు మంచంలో ఉన్నా మనిషి తేరుకోదు. అందుకే నేను తల్లికి చెప్పడం మానేసి ఇంట్లోవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో ఒక్కసారి, నాలుగు గంటలు, బిడ్డ బాధ్యత పూర్తిగా ఇంకొకరిది. తల్లి పాలిచ్చి, బిడ్డను ఇచ్చేసి, వేరే గదిలో తలుపు వేసుకోవాలి. పక్కనే పడుకుని "నువ్వు పండుకో, నేను చూస్త" అంటే పని జరగదు, ఆమె చెవి బిడ్డ మీదే ఉంటుంది. మధ్యలో బిడ్డ ఆకలికి ఆగకపోతే, ముందే పిండి పెట్టిన పాలు గిన్నెతో, చెంచాతో పట్టించవచ్చు. ఎట్లా పట్టించాలో ఆశమ్మ చూపిస్తుంది.

నాయన ఒక్కడే నన్ను బాగు చేశాడని చెప్పను. తరువాత రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఎనిమిది దగ్గర ఉంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత అని తేలింది. ఈ షామియానా కింద సగానికి పైనే అనుకోండి. ఐరన్ తక్కువైతే కొందరికి రాత్రిపూట కాళ్లు ఒకచోట నిలవవు, పిక్కల్లో ఏదో పాకినట్టు ఉంటుంది, నిద్ర పట్టదు. కాన్పయ్యాక మొదటి ఏడాదిలో కొందరికి థైరాయిడ్ కూడా అటూ ఇటూ అవుతుంది. గుండెదడ, చెమటలు, నిద్రలేమి ఉంటాయి, అందరూ టెన్షన్ అనుకుంటారు. కాబట్టి నిద్ర పట్టడం లేదంటే ముందు ఈ రెండు పరీక్షలు అడగండి. ఆ ఐరన్ గోలీలు బీరువా మీద పెట్టి మరిచిపోకండి. కాన్పు తరువాత ఆరు నెలలు వేసుకోవాలి. చాయ్‌తో కాదు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు.

ఇప్పుడు పెద్దవాళ్లు నా మీద కోపం తెచ్చుకోవద్దు. మన బాలింత పద్ధతి చెడ్డదని నేను అనను. అసలు ఆ పద్ధతి పెట్టిందే నిద్ర కోసమని నాకు అనిపిస్తుంది. తల్లిగారింటికి పంపడం, పని చెప్పకపోవడం, బిడ్డకు ఇంకొకరు నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి పట్టడం, బాలింతకు వేడినీళ్లు పోసి పడుకోబెట్టడం. మనం అందులో సగం ఉంచుకుని సగం వదిలేశాం. దూది ఉంది, ఎల్లిగడ్డ కారం ఉంది, కుడుకలు ఉన్నాయి. పడుకోబెట్టడమే పోయింది. పైగా "పగటిపూట పండుకుంటే ఒళ్లు ఉబ్బుతది" అని లేపుతారు. ఉబ్బదు, నన్ను నమ్మండి. చూసిపోయేవాళ్లు పొద్దంతా వస్తూనే ఉంటారు. వచ్చినవాళ్లు బిడ్డను చూసి, ఫోటో తీసుకుని, "ముక్కు మేనత్తది" అని తేల్చి, చాయ్ తాగి పోతారు. తొట్టెలకు ఫ్లెక్సీ కొట్టిస్తున్నాం, డీజే పెడుతున్నాం. దుబాయిలో ఉన్న మామకు రాత్రి పదిన్నరకు వీడియో కాల్. ఆ పిల్ల ఎప్పుడు పడుకోవాలి?

ఇక పాలమూరులో పుట్టినదాన్ని, కల్లు మాట ఎత్తకుండా స్టేజీ దిగను. "రెండు గుక్కలు తాగించుర్రి, పాలు పడ్తయి, నిద్ర పడ్తది" అనే అవ్వలు ప్రతి ఊళ్లో ఉన్నారు. చెట్టు మీది కల్లు మన తాతలనాటిది, దాని గురించి నేను గొడవ పడను, కానీ బాలింతకు అదీ వద్దు. మరి దుకాణంలో సీసాలో వచ్చేది? మన దగ్గర ఈత చెట్లెన్ని, అమ్మే సీసాలెన్ని, మీరే లెక్క వేసుకోండి. కల్తీ కల్లులో కలిపేది అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్. మూడూ మత్తు మందులే. 2015లో కల్తీ మీద గట్టిగా దాడులు జరిగినప్పుడు, అలవాటుపడ్డవాళ్లు అది దొరక్క ఫిట్స్ వచ్చి, సంబంధం లేని మాటలు మాట్లాడుతూ దవాఖానలకు వచ్చారు. అంత బలమైన మందు అది. తల్లి తాగితే పాలలోకి పోతుంది. బిడ్డ మగతగా ఉంటుంది, పాలు గట్టిగా తాగదు. "అబ్బ, బిడ్డ గూడ మంచిగ పండుకుంటుంది" అని మీరు సంతోషపడతారు. పక్కలో ఉన్న బిడ్డ మీద చేయి పడ్డా, దుప్పటి పడ్డా, మత్తులో ఉన్న తల్లికి తెలియదు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రగోలీ కూడా అంతే, చాలాసార్లు అదే మందు. అట్లాగని మందులన్నీ విషమని చెప్పడం లేదు. పాలిస్తున్న తల్లి అని తెలిసి డాక్టరు రాసిచ్చే మందులు ఉన్నాయి. మనసు కుంగినప్పుడు ఇచ్చే సెర్ట్రాలిన్ లాంటివి వాడుతూ పాలివ్వవచ్చు. మందు మొదలుపెట్టారని వెంటనే పాలు మాన్పించకండి, ముందు డాక్టరును అడగండి.

కాన్పయిన మూడో రోజు, నాలుగో రోజు ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాల్లో దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే, తిండి సహించకపోతే, పడుకునే వీలున్నా నిద్ర రాకపోతే, అది డిప్రెషన్ కావచ్చు. మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి 2017లో లెక్క వేస్తే, కాన్పయినవాళ్లలో 22 శాతం మందికి అది ఉందని వచ్చింది. అయిదుగురిలో ఒకరికి పైనే. దాన్ని పట్టుకోవడానికి పది ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది, 1987లో ఎడిన్‌బరోలో తయారు చేశారు. అందులో నిద్ర గురించి ఒక ప్రశ్న ఉంది. బిడ్డ ఎన్నిసార్లు లేపుతోందని అది అడగదు. మనసు బాగాలేక నిద్ర పట్టడం లేదా అని అడుగుతుంది. నేను మొదట్లో చెప్పిన తేడా అదే.

వెయ్యి మందిలో ఒకరిద్దరికి ఇంకా పెద్ద ఇబ్బంది వస్తుంది, చాలావరకు మొదటి రెండు వారాల్లోనే. రెండు మూడు రాత్రులు అసలు కన్ను మూయదు, అయినా అలసట ఉండదు, గడగడా మాట్లాడుతుంది, లేని మాటలు వినపడతాయంటుంది, ఇది నా బిడ్డ కాదంటుంది. అప్పుడు గాలి సోకిందని దర్గా చుట్టూ, గుడి చుట్టూ తిప్పకండి. మొక్కు తరువాత చెల్లించుకోవచ్చు. ఆ రోజే, ఆ గంటే దవాఖానకు తీసుకుపోవాలి, తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకూడదు. ఇది నయమయ్యే జబ్బు. బెంగళూరులో నిమ్హాన్స్ అనే పెద్ద మానసిక దవాఖానలో ఇట్లాంటి తల్లులను బిడ్డలతో పాటు ఉంచి చూసే వార్డే 2009 నుంచి ఉంది. అంత దాకా పోనవసరం లేకుండా, ముందే మాట్లాడుకోవడానికి టెలీ మానస్ అని మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ నంబరు 14416 ఉంది. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. ఆశమ్మ మూడో రోజు, 7, 14, 21, 28, 42 రోజులకు ఇంటికి వస్తుంది కదా, బిడ్డ బరువు చూపించి పంపించేయకండి, మీ నిద్ర సంగతీ చెప్పండి.

మీ చేతుల్లో ఉన్నవి కూడా కొన్ని చెబుతాను. గడియారం గోడకు తిప్పి పెట్టండి, రాత్రి టైం చూడకండి. టైం చూడగానే "ఇంకో గంటకు లేస్తది" అని లెక్క మొదలవుతుంది, ఉన్న నిద్రా పోతుంది. ఎంతకీ రాకపోతే బలవంతంగా దొర్లకుండా లేచి, చిన్న లైటు పెట్టుకుని బిడ్డ బట్టలు మడత పెట్టుకోండి, కళ్లు బరువెక్కాక పోయి పడుకోండి. పాలిచ్చేటప్పుడు ఫోన్ చూడటం అందరూ చేస్తున్నారు, మా చిన్నవాడప్పుడు నేనూ చేశాను, పాలు అయిపోయినా వీడియోలు అయిపోవు. మధ్యాహ్నం దాటాక చాయ్ వద్దు. పొద్దున బిడ్డను తీసుకుని వాకిట్లో వెలుతురులో కాసేపు కూర్చోండి, ఇద్దరికీ పగలు తెలుస్తుంది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టండి, చుట్టూ మెత్తలు, బరువు దుప్పట్లు వద్దు. అప్పుడు మీరు నాలాగా 31 సార్లు వేలు పెట్టనవసరం లేదు. (నవ్వులు)

నాది అయిపోయింది. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక పెద్దామె లేచి: "మేము ఆరుగుర్ని గన్నం. మాకెవరు చేసిన్రు గిట్ల? పొద్దుగాల లేసి చేను పనికి పోయినోళ్లం.")

కూర్చో పెద్దమ్మా, కాళ్లు నొప్పి పెడతాయి. మీ అత్తగారింట్లో అప్పుడు ఎంతమంది ఉండేవాళ్లు?

("పన్నెండు పదమూడు మందిమి.")

ఇప్పుడు నీ కోడలింట్లో?

("కొడుకు, కోడలు, నేను. కొడుకు పూణెల మేస్త్రీ పనికి పోయిండు.")

చూశారా. పన్నెండు మందిలో ఎవరో ఒకరి ఒళ్లో బిడ్డ ఉండేది. ఇప్పుడు ఆ పన్నెండు మంది పని నువ్వు ఒక్కదానివే చేయాలి, కష్టమే. మరి నీకు ఆరు కాన్పుల్లో ఎప్పుడూ నిద్రకు ఇబ్బంది కాలేదా?

("... రెండోదానప్పుడు నెల దినాలు కన్ను మూతవడలే. గాలి సోకిందని తాయెత్తు గట్టిన్రు. నేను ఎవ్వరికీ చెప్పలే.")

ఎన్నేళ్లయింది పెద్దమ్మా?

("నలభై.")

(కాసేపు నిశ్శబ్దం.)

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా పక్కన కూర్చో. మాట్లాడుకుందాం.

ఆ, వెనకాల ఆ తమ్ముడు చేయి ఎత్తాడు. మైకు ఇవ్వండి.

("మేడం, నేను రైల్వేస్టేషన్ కాడ రాత్రి ఆటో నడుపుత. పొద్దున అయిదింటికి వస్త. బిడ్డకు నెలన్నర. నేనేం చేయాలె?")

ఇంకేం, మా నాయన డ్యూటీ నీకు దొరికింది. అయిదింటికి రాగానే చేతులు, మొహం కడుక్కో, ఆ చొక్కా మార్చుకో. ఆమె పాలిచ్చి బిడ్డను నీకిచ్చి, తలుపు వేసుకుని పడుకుంటుంది. తొమ్మిది దాకా బిడ్డ నీది. ఆకలికి ఏడిస్తే పిండి పెట్టిన పాలు చెంచాతో పట్టు. ఉచ్చ పోస్తే గుడ్డ నువ్వే మార్చు, "ఏమే, గుడ్డలేడున్నయి" అని ఆమెను లేపకు, రాత్రే ఎక్కడున్నాయో చూసి పెట్టుకో. తొమ్మిదికి బిడ్డను ఆమెకిచ్చి నువ్వు పడుకో. నీకు నిద్ర ఆగకపోతే మాత్రం బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చోకు, తొట్టెల్లో వేసి మీ అమ్మను పిలువు. అమ్మ ఉందా ఇంట్లో?

("ఉన్నది మేడం.")

అయితే ఆరున్నరకు ఆమెను లేపు. ఏడుపు ఆపడానికి మాత్రం బిడ్డను ఆటోలో వేసుకుని తిప్పకు.

("నిన్ననే తిప్పిన మేడం.")

(నవ్వులు)